దొడ్డిపల్లె చరిత్ర, నలభై పేజీలకు తగ్గకుండా

ఎర్రదొడ్డిపల్లెకు పని ఉన్నవాళ్ళే వస్తారు. ఊరికే చూసిపోదామని ఎవరూ రారు. మండల కేంద్రం కాబట్టి తహశీల్దారు ఆఫీసుంది, రిజిస్ట్రారు ఆఫీసుంది, పోలీసు స్టేషనుంది. ముప్పయ్యారు ఊళ్ళ జనం చేతిలో కాగితాలు పట్టుకుని పొద్దున్నే బస్సు దిగుతారు. పనయితే సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతారు, కాకపోయినా సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతారు. ఊరి జనాభా మూడు వేలు. సోమవారం పగటిపూట మాత్రం ఆరు వేలు దాటుతుంది. బయటి ఊళ్ళనుంచి వచ్చే ఆ మూడు వేలమందిని నమ్ముకునే ఊళ్ళోని మూడు వేలమందీ బతుకుతున్నారు.

తహశీల్దారు ఆఫీసు గేటు పక్కన రేకుల పంచలో కుళ్ళాయప్ప కూర్చుంటాడు. అర్జీలు, దస్తావేజులు రాయడం ఆయన వృత్తి. ముప్పై నాలుగేళ్ళుగా అదే చాప, అదే చెక్కపెట్టె. ఆయన రాసిన పత్రం ఏదీ ఇంతవరకూ ఏ కోర్టులోనూ చెల్లకుండా పోలేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనడు గానీ, ఎవరైనా అంటే వినడానికి పని ఆపుతాడు. ఆ పంచకు అవతలి కొసన ఆయన భార్య ఓబులమ్మ బొరుగులు తడిపి ఉగ్గాణి చేసి, మిరపకాయ బజ్జీలు వేసి అమ్ముతుంది. అర్జీ రాయించుకోనివాళ్ళుంటారేమో గానీ ఆమె ఉగ్గాణి తినకుండా బస్సెక్కినవాళ్ళు లేరు.

ఇలా ఉండగా, రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది.

“చరిత్ర లేని స్థలములయందు ప్రభుత్వ కార్యాలయములు కొనసాగుట ప్రభుత్వ గౌరవమునకు భంగకరమని భావించడమైనది. కావున ప్రతి మండల కేంద్రమును తనకు తగినంత చరిత్ర కలదని, నిర్ణీత నమూనాలో, నలభై పేజీలకు తగ్గకుండా, అరవై దినములలో రుజువు చేసుకొనవలెను. చేసుకొనలేని పక్షమున సదరు కార్యాలయములను చరిత్ర కలిగిన సమీప గ్రామమునకు తరలించడమగును.”

చరిత్ర కలిగిన సమీప గ్రామం అంటే కోటగుట్ట. పద్నాలుగు కిలోమీటర్ల దూరం. నలభై ఇళ్ళు, సగం కూలిన కోటగోడ.

తహశీల్దారు త్రివిక్రమరావు ఆ ఉత్తర్వును మూడుసార్లు చదివి, కుళ్ళాయప్పను లోపలికి పిలిపించాడు.

“కుళ్ళాయప్పా, ఈ ఊరికి చరిత్ర ఏమైనా ఉందా?”

“ఉండాది సార్.”

త్రివిక్రమరావుకు ప్రాణం లేచివచ్చింది. “చెప్పు, చెప్పు!”

“తెల్లదొరల కాలంలో ఇది బందెలదొడ్డి సార్. పరాయి చేలల్లో పడి మేసిన గొడ్లను ఊర్లనుంచి తోలుకొచ్చి ఈడ కట్టేసేటోళ్ళు. మా తాత పెద్ద కుళ్ళాయప్పే దానికి కాపలా. గొడ్లను విడిపించుకోను వచ్చిన రైతులు దొర సంతకం అయ్యేదాకా కాచుకోనుండాల. కాచుకోనుంటే ఆకలైతాది కదా, ఒకామె పొయ్యి పెట్టింది. అర్జీ రాయల్ల కదా, ఒకాయన చాప పరిచినాడు. మాటా మాటా పెరిగి కొట్టుకుంటారు కదా, పోలీసాయన దిగినాడు. అట్లట్ల ఊరైంది సార్.”

త్రివిక్రమరావు లేచి వెళ్ళి కిటికీ మూశాడు.

“ఈ మాట బయట ఎవరితోనైనా అన్నావా?”

“అనేదేముంది సార్, ఊరి పేరులోనే ఉండాదే దొడ్డి అని.”

తహశీల్దారు నమూనా తీసి ఆయన ముందు పెట్టాడు. ఏడో గడిలో ‘రాజు, లేదా సమాన స్థాయి వ్యక్తి’ అని ఉంది. తొమ్మిదో గడిలో ‘యుద్ధము / ముట్టడి / నిర్బంధము (వర్తించని వాటిని కొట్టివేయుము)’ అని ఉంది. పదకొండో గడిలో ‘జరిగిన త్యాగములు, సంఖ్యలో’ అని ఉంది.

“ముప్పై నాలుగేళ్ళుగా మా ఆఫీసు ముందు రాస్తున్నావు. ఇది కూడా నువ్వే రాయాలి,” అన్నాడు.

“అబద్ధం రాయను సార్. నా చెయ్యి అలవాటు పడలేదు.”

“అబద్ధం రాయమని ప్రభుత్వం ఏనాడూ చెప్పదు కుళ్ళాయప్పా. గడులు నింపమంటుంది.”

కుళ్ళాయప్ప నమూనా చేతబట్టుకుని బయటికొచ్చాడు. విషయం విన్న ఓబులమ్మ బజ్జీలు వేస్తూనే అడిగింది. “రాయకపోతే ఏమైతాది?”

“ఆఫీసు కోటగుట్టకు పోతాది.”

“సోమవారానికి నేను ఇరవై కిలోల బొరుగులు తడుపుతాను. ఆఫీసు పోతే అవన్నీ ఎవరు తింటారు? నువ్వా?”

కుళ్ళాయప్ప వీధి వైపు చూశాడు. ఎదురుగా జిరాక్సు షాపు మస్తాను ఎవరిదో ఆధార్ కార్డు అద్దం మీద సరిచేస్తున్నాడు. మంగలి నరసింహులు కుర్చీలో ఒక రైతు గడ్డం సగం గీయించుకుని, తన పేరు పిలుస్తారేమోనని ఆఫీసు వైపే చూస్తున్నాడు. ఆఫీసు పోతే వీళ్ళంతా ఏం చేస్తారో ఊహించడానికి ఆయనకు పెద్దగా కష్టం కాలేదు. ఇంటికి పోయి పెట్టెలోంచి తాత రాసిన రిజిస్టరు తీశాడు.

ప్రతి పేజీ పైభాగాన్నీ చెదలు తినేశాయి. గడుల శీర్షికలు పోయాయి. కింద తాత గుండ్రటి చేతిరాత మాత్రం చెక్కుచెదరలేదు. ‘బసవడు. ఎడమ తొడమీద వాత.’ ‘గౌరి. చూలు.’ ‘మైలడు. పళ్ళు ఆరు. పొడుచును.’ కుళ్ళాయప్ప వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత తనకు తెలిసిన దస్తావేజు భాషలో రాయడం మొదలుపెట్టాడు. ఒక్క అబద్ధం కూడా రాయకూడదని గట్టిగా అనుకున్నాడు, రాయలేదు కూడా. గొడ్లు అన్న ఒక్క మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

“1911వ సంవత్సరమందు ఈ దొడ్డిలో నాలుగువందల పన్నెండు ప్రాణములు నిర్బంధింపబడినవి. స్వేచ్ఛగా తిరుగుట తప్ప వీటికి వేరు నేరము లేదు. గడ్డి తప్ప అన్యాహారము ఎరుగవు. ఎంత బాధ కలిగినను తమ బాధను మాటలలో చెప్పుకొన్నది లేదు. కొన్ని కట్లు తెంచుకొని గోడ దూకి పోయినవి. మిగిలినవాటికై వారివారి మనుషులు వచ్చి విడిపించుకొని పోయిరి. ముప్పది ఎనిమిదింటి కొరకు ఎవరునూ రాలేదు.”

ఇలా నలభై ఒక్క పేజీలు వచ్చాయి. చివర అలవాటు కొద్దీ నాలుగు వైపుల హద్దులు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలూ పెట్టించాడు.

త్రివిక్రమరావు అంతా చదివి, కలం తీసి ఒక్కచోట మాత్రమే దిద్దాడు. బందెలదొడ్డి అన్నచోట ఎత్వం తీసేసి గుడిదీర్ఘం పెట్టాడు. బందీలదొడ్డి అయింది.

“అది తప్పు సార్,” అన్నాడు కుళ్ళాయప్ప.

“అచ్చుతప్పు,” అన్నాడు తహశీల్దారు. “అచ్చుతప్పుకు ఈ దేశంలో ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు.”

నెల తిరక్కుండానే తనిఖీకి ఒక పెద్ద అధికారి వచ్చాడు. ఆయన హోదా ‘చారిత్రక అర్హతల నిర్ధారణాధికారి’, పేరు డాక్టర్ పానకాలరావు. మనిషి సన్నగా, అలిసిపోయినట్టు ఉన్నాడు. పూలదండ వేయించుకున్నాడు, కొబ్బరినీళ్ళు వద్దన్నాడు, నేరుగా రిజిస్టరు తెమ్మన్నాడు. కుళ్ళాయప్పను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. తహశీల్దారు పక్కనే నిలబడ్డాడు.

“బసవడు. ఎడమ తొడమీద వాత,” అని పానకాలరావు పైకి చదివాడు. “వాత ఎందుకు పెట్టారు?”

“గుర్తు కోసరం సార్. మావోడని తెలియల్ల కదా.”

“ఘోరం సార్,” అన్నాడు తహశీల్దారు.

“గౌరి. చూలు. ఈమె ఏమైంది?”

“ఈడనే ఈనింది సార్.”

తహశీల్దారుకు దగ్గు వచ్చింది. “ప్రసవించింది అని ఆయన ఉద్దేశం సార్. మా ప్రాంతపు మాట.”

“బిడ్డ బతికిందా?”

“బతికింది సార్. ఆ పొద్దే లేచి నిలబడింది. మూడోనాటికి దొడ్డంతా ఒకటే గెంతులంట.”

“వీరమాత బిడ్డ సార్,” అన్నాడు తహశీల్దారు.

పానకాలరావు పేజీ తిప్పాడు. “మైలడు. పళ్ళు ఆరు.”

“అప్పటికి ఆరే సార్.”

“మిగతావి రాలగొట్టి ఉంటారు సార్, విచారణలో,” అన్నాడు తహశీల్దారు.

పానకాలరావు తహశీల్దారు ముఖంలోకి ఒకసారి చూసి, మళ్ళీ కుళ్ళాయప్ప వైపు తిరిగాడు. “ఎండాకాలం నీళ్ళు సరిగ్గా పెట్టేవాళ్ళా?”

“మా తాత పెట్టేటోడు సార్. బాయి ఎండితే ఏటిదాకా తోలుకోని…”

“నడిపించుకొని,” అన్నాడు తహశీల్దారు.

“…నడిపించుకోని పోయి తాపుకోనొచ్చేటోడు. ఎవరూ రానివాటికి ఆయనే పేర్లు పెట్టినాడు. ఒక్కొక్కటి పోతాంటే ఆ దినం అన్నం తినేటోడు కాదని మా అవ్వ చెప్పేది.”

పానకాలరావు కళ్ళద్దాలు తీశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అధికారి కన్నీళ్ళు పెట్టుకున్నాడు గనుక తహశీల్దారు కూడా జేబురుమాలు తీశాడు. వెనకాల నిలబడ్డ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు వీఆర్వోలు హోదాను బట్టి తలలు దించుకున్నారు.

పదిహేను రోజుల్లో ఫలితం వచ్చింది. ఎర్రదొడ్డిపల్లెను ‘వీర బందీల పుణ్యస్థలం, ప్రథమ శ్రేణి’గా ప్రకటించారు. జిల్లా మొత్తం మీద ప్రథమ శ్రేణి ఇదొక్కటే. ఊళ్ళో టపాకాయలు పేల్చారు. జిరాక్సు మస్తాను కుళ్ళాయప్పకు శాలువా కప్పాడు. ఓబులమ్మ ఆ రోజు అడిగినవాళ్ళకల్లా ఒక బజ్జీ ఎక్కువ వేసింది.

అక్కడితో ఆగి ఉంటే ఏ చిక్కూ లేదు. కానీ ప్రథమ శ్రేణి చరిత్రకు వారసులు ఉండాలి గదా. వీర బందీల వారసులను గుర్తించి ధ్రువపత్రాలు ఇవ్వాలని రెండో ఉత్తర్వు వచ్చింది. ముప్పయ్యారు ఊళ్ళ జనం కుళ్ళాయప్ప పంచ ముందు వరసకట్టారు. రిజిస్టరులోని పేర్ల జాబితాను ఆఫీసు గోడకు అంటించారు. ఎవరికి నచ్చిన పేరును వాళ్ళు తాతగా ఎంచుకున్నారు.

చెర్లోపల్లి సుంకన్న జాబితా ముందు చాలాసేపు నిలబడి, వచ్చి చాపమీద కూర్చున్నాడు. “నాకు మైలడు కావాల. పొడిచేటోడని రాసినారే, మా వంశం రోషం అట్లాటిదేప్పా. మా తాతే అయ్యుంటాడు. అవునా కాదా?”

“పొడిచేటోడే,” అన్నాడు కుళ్ళాయప్ప, తల ఎత్తకుండా.

“మనిషి ఎట్లుండేటోడంట?”

“బలంగా ఉండేటోడంట. మూపురం… మూపు గట్టిదంట.”

సుంకన్న తన భుజం తడుముకుని చూసుకున్నాడు. “మా ఇంట్లో అందరికీ అంతే,” అన్నాడు తృప్తిగా.

ఆ సాయంత్రం కుళ్ళాయప్ప ఉగ్గాణి ఆకును పక్కకు జరిపాడు. తన చేత్తో రాసిన అర్జీ మీద ఒక మనిషి ఎద్దుకు మనవడయ్యాడు. అర్జీలో అబద్ధమేమీ లేదు; ‘సదరు మైలడు నా తాతయని నమ్ముచున్నాను’ అని ఉంది, సుంకన్న నమ్ముతూనే ఉన్నాడు. అయినా ఆయనకు బాగోలేదు. మూడు నెలల్లో పదకొండు వందల నలభై మందికి వారసత్వ పత్రాలు ముట్టాయి. గౌరికి ఒక్కదానికే డెబ్భై మంది మనవలు తేలారు.

తర్వాత తృణదీక్షా దినం వచ్చింది. గడ్డి తిని బతికిన వీరుల స్మృత్యర్థం, ఏటా ఒకరోజు జిల్లా అధికారులందరూ ఆ స్థలంలో కూర్చుని గడ్డి మాత్రమే స్వీకరించాలని మూడో ఉత్తర్వు. ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. అరిటాకులు పరిచి, ఒక్కొక్కరికీ హోదాను బట్టి గరిక వడ్డించారు. పై స్థాయివాళ్ళకు లేత గరిక, కింది స్థాయివాళ్ళకు ముదురుది. అధికారులు గడ్డి తినడం ఆ మండలంలో అదే మొదటిసారి కాదు గానీ, పగటిపూట, పదిమందిలో, ఫొటోలు తీయించుకుంటూ తినడం మాత్రం అదే మొదలు. అనుభవం ఉన్నవాళ్ళు తొందరగా ముగించారు. ఒక ఉప సంచాలకుడు మాత్రం గరికలో ఉప్పు లేదని వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు.

పానకాలరావు తన ఆకులోని గడ్డిని మడిచి, గేటు బయట నిలబడ్డ ఒక ఆవుకు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఓబులమ్మ ఒక్కతే చూసింది.

ఆ వారంలోనే తహశీల్దారు ఆఫీసుకు నాలుగో ఉత్తర్వు అందింది. త్రివిక్రమరావు దాన్ని చదివి కుళ్ళాయప్పను లోపలికి పిలిపించాడు. అందులో పద్నాలుగో నిబంధన ఇలా ఉంది:

“ప్రథమ శ్రేణి పుణ్యస్థలములయందు సామాన్య ప్రజలు ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రముల నిమిత్తము గుమిగూడుట వీరుల స్మృతికి అపచారము. కావున అట్టి స్థలములలోని సమస్త కార్యాలయములను తక్షణమే వేరొక గ్రామమునకు తరలించవలెను.”

వేరొక గ్రామం అంటే మళ్ళీ కోటగుట్టే.

కుళ్ళాయప్ప మరుసటి రోజు రిజిస్టరు గుడ్డలో చుట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన తన కోసం రాసుకున్న మొదటి అర్జీ అది: ‘నేను వ్రాసిన చరిత్రలోని బందీలు గొడ్లు అని ఇందుమూలముగా విన్నవించుకొనుచున్నాను.’ జైలుకు పంపుతారేమోనని ఓబులమ్మ మూడు పూటలకు సరిపడా సద్ది కట్టి ఇచ్చింది.

పానకాలరావు అర్జీ చదివి, పక్కన పెట్టి, కుళ్ళాయప్పను కూర్చోమన్నాడు.

“నేను ఏ డాక్టర్ననుకున్నావు?”

“పెద్ద చదువు డాక్టరు సార్. చరిత్రలో.”

“పశువుల డాక్టర్ని. ఇరవయ్యారేళ్ళు పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. ఈ శాఖలో ఖాళీ ఉంది, పేరు ముందు డాక్టరని ఉంది కదా అని నన్ను ఇక్కడ వేశారు. వాత, చూలు, గొడ్డు వయసు లెక్కగట్టే ఆరు పళ్ళు చదివాక కూడా నాకు తెలియదనుకున్నావా?”

కుళ్ళాయప్ప కుర్చీలో ముందుకు జరిగాడు. “మరి ఆ పొద్దు కండ్లనీళ్ళు పెట్టుకుంటిరే సార్?”

“గొడ్ల కోసమే పెట్టుకున్నాను. ముప్పై ఎనిమిదింటి కోసం ఎవరూ రాలేదని రాశావు చూడు, అక్కడ తట్టుకోలేకపోయాను. నలభై మూడు మండలాల చరిత్రలు చదివానయ్యా. ప్రతి ఊళ్ళో ఒక రాజు, ప్రతి రాజుకూ ఒక తెల్లగుర్రం. ఒక్కదానికీ మనసు కదల్లేదు. నీ దాంట్లో ఒక్క అబద్ధం కనపడలేదు.”

“అయితే ఇవి గొడ్లని ఒక్క ముక్క రాసేయండి సార్. ఆఫీసు నిలబడతాది.”

“ఎక్కడ రాయను? నమూనాలో మనిషా పశువా అని అడిగే గడి లేదు. పైగా పదకొండు వందల నలభై మందికి వారసత్వ పత్రాలిచ్చాం. ఇప్పుడు అవి గొడ్లని తేలిస్తే ఈ పదకొండు వందల మందినీ ప్రభుత్వం ఏ శాఖ కింద చూడాలి?”

కుళ్ళాయప్ప ఓబులమ్మ కట్టిచ్చిన సద్ది విప్పాడు, ఇద్దరూ తిన్నారు. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందని అనుకుని వెళ్ళిన కుళ్ళాయప్ప, దాన్ని దించడానికి ఎక్కడా చోటు దొరక్క, రిజిస్టరుతో పాటే మోసుకుని తిరిగొచ్చాడు.

ఆఫీసులు లారీలెక్కి పోయాయి. ఎర్రదొడ్డిపల్లెలో పుణ్యస్థలమని రాసి పాతిన ఫలకం మిగిలింది, దాని చుట్టూ కంచె మిగిలింది. బస్సులు ఆగకుండా వెళ్ళసాగాయి. మంగలి నరసింహులు తన కుర్చీలో తనే కూర్చుని రోడ్డు చూసేవాడు. ఓబులమ్మ ఇరవై కిలోల నుంచి రెండు కిలోలకు దిగింది. కుళ్ళాయప్ప మాత్రం చాప చుట్టుకుని రోజూ కోటగుట్టకు పోయి వేపచెట్టు కింద కూర్చునేవాడు. ముప్పయ్యారు ఊళ్ళ జనం నలభై ఇళ్ళ ఊళ్ళో పడ్డారు. తాగడానికి నీళ్ళు లేవు, కూర్చోడానికి నీడ లేదు.

పదో రోజున కోటగుట్ట పెద్ద ఎర్రిస్వామి నలభై ఇళ్ళవాళ్ళనూ వెంటబెట్టుకుని ఆయన దగ్గరికొచ్చాడు.

“రైటరప్పా, కల్లాల్లో జీపులు నిలబెడతాండారు. ఎండేసిన సెనక్కాయల మీద నడిసి పోతాండారు. ఆడోళ్ళు బయటికి పోను సందు లేదు. మా ఊరికి చరిత్ర లేదని అర్జీ రాయి.”

“కోటగోడ ఉండాది కదప్పా ఎదురుగా.”

“గొర్రెలు తోలుకునే గోడని రాయి.”

“అబద్ధం రాయను.”

“అబద్ధమేంది? లోపల ఏముండాయో పోయి చూసి రా.”

కుళ్ళాయప్ప లేచి వెళ్ళి చూసొచ్చాడు. కోటలో రెండొందల గొర్రెలున్నాయి. కూర్చుని రాశాడు: “సదరు గోడ లోపల గొర్రెలు తప్ప రాజులు గానీ, సైనికులు గానీ నివసించుట మేము గానీ, మా తండ్రులు గానీ, మా తాతలు గానీ చూచియుండలేదు.” నలభై ఇళ్ళవాళ్ళూ వేలిముద్రలు వేశారు.

ప్రభుత్వం ఈసారి చురుగ్గా పనిచేసింది. తొమ్మిది రోజుల్లో కోటగుట్టను చరిత్ర లేని గ్రామంగా నిర్ధారించింది. చరిత్ర లేని చోట ఆఫీసు ఉండరాదు, ఇది మొదటి ఉత్తర్వు. చరిత్ర ఎక్కువున్న చోటా ఉండరాదు, ఇది నాలుగోది. మండలంలోని మిగతా ఊళ్ళన్నీ అప్పటికే జాగ్రత్తపడి, తమకు చరిత్ర లేదని తీర్మానాలు చేసి పంపాయి. పెద్దలు రాజధానిలో సమావేశమై ఆలోచించారు. ఐదో ఉత్తర్వు వచ్చింది.

“చరిత్ర అనునది స్థలమును ఆశ్రయించియుండును. కదులుచున్న దానికి స్థలము లేదు. కావున కదులుచున్న కార్యాలయమునకు చరిత్ర అవసరము లేదు. సదరు మండల కేంద్రమును వాహనములో నడపవలెను. భోజన విరామమునందు తప్ప ఎచ్చటనూ ఆపరాదు.”

పాత బస్సొకటి పంపారు. డ్రైవరు వెనక సీటు తహశీల్దారుది. బీరువాలను తాళ్ళతో కట్టారు. జనం మోటారు సైకిళ్ళమీద బస్సును వెంబడించి కిటికీల్లోంచి కాగితాలు అందించేవాళ్ళు. మలుపుల దగ్గర సంతకాలు వంకరపోయేవి. గుంతలో పడ్డప్పుడు వేసిన ముద్ర ఎవరి కాగితం మీద పడేదో తెలిసేది కాదు. అలా ఒక ముసలాయనకు పెళ్ళికాని ధ్రువపత్రం వెళ్ళింది. కుళ్ళాయప్ప ఫుట్‌బోర్డు మీద నిలబడి రెండు రోజులు అర్జీలు రాశాడు. మూడోరోజు ఆయన రాత ఆయనకే అర్థం కాలేదు.

ఆ మూడోరోజు మధ్యాహ్నం త్రివిక్రమరావుకు ఆకలి వేసింది. “ఎక్కడైనా మంచి తిండి దొరుకుతుందా?” అని నీరసంగా అడిగాడు. సిబ్బంది అందరి నోటా ఒకే మాట వచ్చింది. బస్సు నేరుగా పోయి ఎర్రదొడ్డిపల్లెలో, కంచెకు పది గజాల ఇవతల, ఓబులమ్మ పొయ్యి ముందు ఆగింది.

వాళ్ళు ఆకుల ముందు కూర్చున్నారో లేదో, వెంట వచ్చిన జనం వరసకట్టారు. తహశీల్దారు కుడిచేతిలో బజ్జీ ఉంది. “ఇది భోజన విరామం,” అన్నాడు.

“తినండి సార్, తింటానే సూడండి,” అంది వరసలో మొదటున్న ముసలామె, పింఛను కాగితం ఆయన ఆకు పక్కన పెడుతూ.

ఆయన తింటూనే చూశాడు. చెయ్యి కడుక్కుని సంతకం పెట్టి, మళ్ళీ తినడానికి కూర్చున్నాడు. బస్సు కదలకుండా ఉంటే సంతకం నిటారుగా వస్తుందని ఆయనకు గుర్తొచ్చింది. ఆ రోజు భోజనం మధ్యాహ్నం మూడు దాకా సాగింది. మర్నాడు పన్నెండింటికే ఆకలేసింది. వారం తిరిగేసరికి పొద్దున పది గంటలకే సిబ్బందికి ఆకలి మొదలై, సాయంత్రం ఐదింటికి గానీ తీరడం లేదు. బీరువాలు దించి రేకుల పంచలో పెట్టుకున్నారు, తినేటప్పుడు ఆనుకోవడానికని. కుళ్ళాయప్ప చాప పరిచాడు. మస్తాను షట్టరు ఎత్తాడు. నరసింహులు కుర్చీలో మళ్ళీ సగం గీసిన గడ్డాలు కనపడ్డాయి. ఓబులమ్మ ఇరవై కిలోలు దాటి ముప్పై కిలోలు తడిపింది.

ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. తనిఖీకి పానకాలరావు వచ్చాడు. పదిన్నర అయింది. వాహనం ఆగి ఉంది, టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది, బానెట్ మీద ఎవరో ఒడియాలు ఎండబెట్టారు.

“ఎందుకాగింది?” అని అడిగాడు.

“భోజన విరామం సార్,” అన్నాడు త్రివిక్రమరావు లేచి నిలబడి, మూతి తుడుచుకుంటూ.

పానకాలరావు ఓబులమ్మ వైపు తిరిగాడు. “వీళ్ళ భోజనం ఎప్పటికి అవుతుందమ్మా?”

ఓబులమ్మ వరస వైపు చూసి అంచనా వేసింది. “ఇంకా అరవై మంది ఉండారు సార్. వాళ్ళ పనైతే గానీ ఈళ్ళ కడుపు నిండదు.”

కుళ్ళాయప్ప కలం ఆపి అధికారి ముఖంలోకి చూస్తున్నాడు. ఆఫీసు ఇంకోసారి లారీ ఎక్కితే ఈసారి వెంట పోవడానికి ఆయన మోకాళ్ళలో ఓపిక లేదు. పానకాలరావు తనిఖీ పుస్తకం తెరిచి ఒకే వాక్యం రాసి, కుళ్ళాయప్పకిచ్చి చదవమన్నాడు. అందులో అబద్ధమేమైనా ఉందేమో చూడమన్నాడు.

“తనిఖీ సమయమున సిబ్బంది భోజనము చేయుచుండిరి.”

“లేదు సార్,” అన్నాడు కుళ్ళాయప్ప. ఎన్నో నెలల తర్వాత ఆయనకు నవ్వొచ్చింది, ఆకలి కూడా వేసింది. పక్కకు జరిగి చాపమీద చోటిచ్చాడు. ఓబులమ్మ ఇద్దరికీ ఆకులు వేసింది.

పానకాలరావు ఏడాదికి నాలుగుసార్లు తనిఖీకి వస్తాడు. ప్రతిసారీ అదే వాక్యం రాస్తాడు. ప్రభుత్వ దస్త్రాల ప్రకారం ఎర్రదొడ్డిపల్లెలో నేటికీ ఆఫీసంటూ ఏదీ లేదు. నాలుగో ఏడు నడుస్తున్నా ఆ భోజనం ఇంకా పూర్తి కాలేదు.